బాత్‌రూమ్ గోడకు చెమ్మ: టైల్ వెనక ఏం జరుగుతుంది, ఎలా బాగు చేయాలి

బాత్‌రూమ్‌కు ఆనుకుని ఉన్న పడకగది గోడ మీద ముందుగా పెయింట్ ఉబ్బుతుంది. కొన్నాళ్లకు పుట్టీ పొడిపొడిగా రాలుతుంది, తెల్లటి చౌడు పేరుకుంటుంది. చాలా ఇళ్లలో ఈ దశలో పెయింటర్‌ను పిలుస్తారు. గీకించి, మళ్లీ పుట్టీ పెట్టించి, రంగు వేయిస్తారు. కొన్ని నెలలకే అదే చోట అదే మచ్చ. ఎందుకంటే జబ్బు ఉన్నది గోడకు అవతలి వైపు, షవర్ కింద.

టైల్స్ వేశాక గోడలోకి నీళ్లు పోవన్నది చాలామంది నమ్మకం. నిజానికి టైల్ పైన ఉన్న గ్లేజ్ నీటిని ఆపుతుంది కానీ, టైళ్ల మధ్య నింపే సిమెంట్ గ్రౌట్ నీటిని పీలుస్తుంది. రోజూ స్నానాల నీళ్లు సన్నగా ఆ సందుల్లోంచి వెనక్కి వెళ్తూనే ఉంటాయి. వాటిని అడ్డుకోవాల్సింది టైల్ వెనక ఉండే వాటర్‌ప్రూఫ్ పూత. మన దగ్గర పాత అపార్ట్‌మెంట్లలో ఈ పూత నేల వరకే వేసి, గోడల్ని వదిలేయడం మామూలే. అప్పుడు నీళ్లు ప్లాస్టరింగ్‌లోకి, ఇటుకలోకి దిగుతాయి. సిమెంట్‌లో, ఇటుకలో ఉన్న లవణాలు కరిగి అవతలి వైపుకు వచ్చి ఆరిపోతే మిగిలేదే చౌడు.

ఇది అందానికి సంబంధించిన సమస్య మాత్రమే అయితే పెయింటర్‌తో సరిపెట్టుకోవచ్చు. కానీ అదే గోడలో గీజర్ స్విచ్ పెట్టె, వైర్లు ఉంటాయి. చెమ్మ స్లాబ్‌లోకి చేరితే లోపలి ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, కింది ఫ్లాట్ సీలింగ్ పెచ్చులుగా ఊడుతుంది. పై ఫ్లాటుకూ కింది ఫ్లాటుకూ మాటలు లేకుండా పోవడానికి అపార్ట్‌మెంట్లలో దీనికి మించిన కారణం అరుదు.

నీళ్లు ఎక్కడినుంచి?

ఉలి పట్టేముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఇక్కడ తొందరపడితే మంచి గోడ పగులుతుంది, లీకేజీ అలాగే ఉంటుంది.

రెండు మూడు రోజులు ఆ బాత్‌రూమ్‌లో స్నానం మానేసి చూడాలి. అయినా చెమ్మ తగ్గకుండా పెరుగుతూనే ఉంటే గోడలో దాచిన పైపు మీద అనుమానం పెట్టుకోవాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చే నీటి ఒత్తిడి ఆ పైపు మీద రాత్రీపగలూ ఉంటుంది, కాబట్టి వాడినా వాడకపోయినా కారుతుంది. ప్లంబర్ దగ్గరుండే చిన్న చేతిపంపుతో పైపులో నీళ్లు నింపి, ఒత్తిడి పెంచి వదిలేస్తే, గేజ్ ముల్లు పడిపోతుందా లేదా అన్నదాన్ని బట్టి విషయం తెలిసిపోతుంది. వేడినీళ్ల లైను, చన్నీళ్ల లైను విడివిడిగా చూడాలి. డైవర్టర్ దగ్గర అతుకులే ఎక్కువగా దొరుకుతాయి.

వాడకం ఆపగానే గోడ ఆరడం మొదలైతే తప్పు గ్రౌట్‌లోనో, నేల మూలల్లోనో, నహానీ ట్రాప్ దగ్గరో ఉంది. ట్రాప్‌కు గుడ్డ బిగించి, నేల మీద అంగుళం లోతు నీళ్లు 24 గంటలు నిలబెట్టాలి. అప్పుడు చెమ్మ పెరిగితే నేలది తప్పు. పెరగకపోతే గోడ మీదికి మాత్రమే నీళ్లు చిమ్మి చూడాలి.

చివరగా ఒక్కో టైల్‌ను నాణెంతో తట్టి చూడాలి. డొల్ల శబ్దం వచ్చిన టైల్ వెనక అంటు వదిలేసినట్టే. అలాంటి వాటి మీద మార్కర్‌తో గీత పెట్టుకుంటే ఎంతమేర విప్పాలో తేలుతుంది.

ఎంత వరకు విప్పాలి?

టైల్స్ అన్నీ గట్టిగా ఉండి, గ్రౌట్ మాత్రమే రాలిపోయి ఉంటే గోడ పగలగొట్టనక్కర్లేదు. పాత గ్రౌట్‌ను కనీసం రెండు మూడు మిల్లీమీటర్ల లోతు గీకి, దుమ్ము తుడిచి, బాగా ఆరనిచ్చి ఎపాక్సీ గ్రౌట్ నింపితే చాలు. ఎపాక్సీ నీటిని పీల్చదు. ఖరీదు ఎక్కువ, త్వరగా గట్టిపడిపోతుంది, అంచుల మీది మరకల్ని వెంటవెంటనే తుడవాలి. పాత గ్రౌట్ మీదే వైట్ సిమెంట్ రుద్దడం చవకైన పని. అంత పల్చటి పొర ఎక్కువ కాలం నిలవదు.

డొల్ల టైల్స్ గుంపుగా కనిపిస్తే వాటిని తీయాల్సిందే. ముందు ఎంసీబీ ఆపాలి, వాల్వ్ కట్టాలి, ట్రాప్‌లో చెత్త పడకుండా మూయాలి, కళ్లద్దాలూ మాస్కూ పెట్టుకోవాలి. చుట్టూ గ్రౌట్ కోశాక మధ్యలో ఒక టైల్‌ను పగలగొట్టి, ఆ ఖాళీలోంచి పక్కవాటిని లేపితే మంచి టైల్స్ బతుకుతాయి. వెనక ప్లాస్టరింగ్ వేలితో గీకితే రాలుతుంటే ఇటుక కనిపించేదాకా తీసేయాలి. గోడలో పైపులు ఎటు పోతున్నాయో తెలియకుండా లోతుగా ఉలి దించకూడదు.

తర్వాతి పనే అందరూ ఎగ్గొట్టేది: ఆరబెట్టడం. ఎండాకాలంలోనే వారం పైన పట్టొచ్చు, వానాకాలంలో ఇంకా ఎక్కువ. ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచితే, లోపలి వైపు నీటి బొట్లు కనిపిస్తే ఇంకా ఆగాలి. మేస్త్రీకి మరో చోట పని ఉంటుంది, ఇంట్లోవాళ్లకు బాత్‌రూమ్ కావాలి. ఆ ఒత్తిడిలోనే చాలా రిపేర్లు చెడతాయి.

ఆరాక 1:4 పాళ్లలో సిమెంట్, ఇసుకతో ప్లాస్టరింగ్ చేసి వారం రోజులు తడపాలి. దాని మీద సిమెంట్, పాలిమర్ కలిపిన రెండు భాగాల వాటర్‌ప్రూఫ్ పూత రెండు సార్లు వేయాలి. మొదటిది నిలువుగా, ఆరాక రెండోది అడ్డంగా. మూలల్లో, పైపు బయటికి వచ్చే చోట్ల పూతలోనే ఫైబర్ జాలీ పరవాలి. గోడ పూత నేల పూతతో కలిసిపోవాలి. ఇది కుదరకపోతే నీళ్లు ఆ మూలలోంచే దారి చూసుకుంటాయి. నేల పూత పాడైపోయి ఉంటే గోడ ఒక్కటి బాగు చేసి లాభం లేదు.

టైల్స్ అంటించడానికి సిమెంట్ ముద్దల కంటే టైల్ అడ్హెసివ్ మేలు. సంచి మీద ఐఎస్ 15477 గుర్తు, టైల్‌కు తగిన రకం ఉన్నాయో చూసుకోవాలి. పాత పద్ధతిలో టైల్స్‌ను నీళ్లలో నానబెట్టేవారు, అడ్హెసివ్‌తో ఆ అవసరం లేదు. టైల్ నాలుగు మూలలా, మధ్యలోనూ అంటు పూర్తిగా పరుచుకోవాలి. ఐదు ముద్దలు పెట్టి నొక్కితే ముద్దల మధ్య ఖాళీల్లో మళ్లీ నీళ్లు చేరతాయి. గోడ, నేల కలిసే మూలల్లో గ్రౌట్ కాకుండా సిలికాన్ సీలెంట్ పెట్టాలి. అక్కడ కదలిక ఉంటుంది, గట్టి గ్రౌట్ పగులుతుంది.

అదే డిజైన్ దొరకడం ఒక గండం. మోర్బీ నుంచి వచ్చే డిజైన్లు తొందరగా మారిపోతాయి, ఒకే డిజైన్‌లోనూ బ్యాచ్ మారితే రంగు తేడా వస్తుంది. దొరకనప్పుడు పోలినదాన్ని అతికించే కంటే, షవర్ వెనక ఒక పట్టీ మొత్తం వేరే రంగు వేస్తే కావాలని వేసినట్టుంటుంది.

ఖర్చు ఎవరిది?

కొత్త ఫ్లాట్ అయితే ఖర్చు పెట్టేముందు తాళాలు అందుకున్న తేదీ చూసుకోవాలి. 2016 రెరా చట్టం సెక్షన్ 14(3) ప్రకారం స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డర్ ఉచితంగా సరిచేయాలి. చేయకపోతే పరిహారం అడగొచ్చు. గోడ విప్పాక ఫొటోలు తీస్తే ఉపయోగం తక్కువ. చెమ్మ కనిపించిన రోజే తేదీతో ఫొటోలు తీసి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల ఇళ్లలో కథ వేరు. అక్కడ టైల్స్ వెనక ఇటుక ఉండదు. కర్ర చట్రం, దాని మీద బోర్డు ఉంటాయి. పాత ఇళ్లలో ఆ బోర్డు జిప్సమ్‌దైతే నీళ్లకు మెత్తబడి బూజు పడుతుంది, కర్ర పుచ్చుతుంది. అది ఆరబెట్టి వాడుకునేది కాదు, తీసేసి సిమెంట్ బోర్డు బిగించి, దాని మీద వాటర్‌ప్రూఫ్ పూత వేయాలి. మరీ పాత ఇళ్లలో బోర్డు విప్పేముందు ఆస్బెస్టాస్ పరీక్ష చేయించుకోవడం మంచిది.