షికారు బ్లాకు: వేటగాళ్లు గీసిన అడవి పటం

బ్రిటిష్ పాలనలోనూ, స్వాతంత్ర్యం వచ్చాక మరో పాతికేళ్లపాటూ భారతదేశంలో అటవీ శాఖ వేటగాళ్లకు గడువు కట్టి కేటాయించిన అడవి ముక్కకు షికారు బ్లాకు అని పేరు. వాగులు, గుట్టల వరసలు, బండిబాటలు దానికి హద్దులుగా ఉండేవి. పర్మిట్ పుచ్చుకున్న వ్యక్తి ఆ హద్దుల్లో ఏ జంతువును ఎన్నింటివరకు కొట్టవచ్చునో, వేటిని ముట్టుకోకూడదో ఆ కాగితంలోనే రాసి ఉండేది. గడువు ముగిసేదాకా మరో తుపాకీ అక్కడికి రాదన్న హామీ కూడా దానితోపాటే దక్కేది. దేశంలో ఏ సీమ వేటకు మేలైనదన్న పాత ప్రశ్నకు తరతరాలు చెప్పుకున్న జవాబులు చివరికి ఈ బ్లాకు రూపం దాల్చాయి. నేటి అభయారణ్యాల పటం చాలావరకు ఆ జవాబుల మీదనే నిలిచి ఉంది కనుక దీని పుట్టుపూర్వోత్తరాలు వేటను అసహ్యించుకునేవారు సైతం తెలుసుకోదగినవి.

షికారు పారసీక పదం. దానికి అసలు అర్థం వేటే. తెలుగులో మాత్రం సాయంత్రం పూట సరదాగా తిరిగి రావడం షికారు అయింది. ఏలినవారికి విహారమంటే వేటే అయిన కాలంలో ఈ మాట తెలుగులోకి వచ్చింది. వేట మరుగునపడి విహారం మిగిలింది.

వేటభూములను ప్రాంతాలవారీగా పోల్చి తారతమ్యం చెప్పే అలవాటు ఈ పదం కన్నా చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రం రాజు విహారానికి కేటాయించిన మృగవనాన్నీ, ఏనుగుల కోసం కాపాడే నాగవనాన్నీ వేరుగా పేర్కొని, ఏ దేశపు ఏనుగులు ఎటువంటివో కూడా నిర్ణయించింది: కళింగ, అంగ దేశాలవి శ్రేష్ఠం, దశార్ణ, అపరాంత దేశాలవి మధ్యమం, సౌరాష్ట్ర, పంచనద ప్రాంతాలవి అధమం. ఉత్తరాంధ్రను ఆనుకున్న కళింగపు అడవులు ఈ వరసలో ముందు నిలవడం గమనించదగినది. నాగవనంలో ఏనుగును చంపినవాడికి మరణదండన విధించమన్న ఆ గ్రంథమే, తనంత తానుగా చచ్చిన ఏనుగు దంతాల జతను తెచ్చి అప్పగించినవాడికి నాలుగుంబావు పణాలు ఇమ్మన్నది. ఎక్కడ ఏ జంతువు దొరుకుతుందన్న లెక్కా, దాన్ని ఎవరు ముట్టుకోవచ్చునన్న హక్కూ పుట్టుకతోనే కలిసి ఉన్నాయని చెప్పడానికి ఈ రెండు నియమాలు చాలు. 12వ శతాబ్దపు కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసంలో మృగయను, అంటే వేటను, రాజవినోదాల్లో ఒకటిగా విస్తరించి రాశాడు.

మొగలుల కాలంలో ఈ జ్ఞానం దఫ్తరుకెక్కింది. అబుల్ ఫజల్ తన ఐనె అక్బరీలో ఏ సుబాలో, అంటే ఏ రాష్ట్రంలో, ఏనుగులు ఎక్కడెక్కడ దొరుకుతాయో వివరించి, పన్నా అడవులవే మేలైనవని తేల్చాడు. అయితే మొగలుల పెద్దవేటకు అడవి ఎంతటిదన్నదాని కన్నా మనుషులు ఎందరన్నదే ముఖ్యం. ఖమర్ఘా అనే ఆ పద్ధతిలో వేలమంది విశాలమైన వలయంగా నిలబడి, రోజుల తరబడి దాన్ని బిగిస్తూ, లోపలి జంతువులన్నిటినీ ఒకచోటికి నెట్టుకొచ్చేవారు. 1567లో లాహోరు దగ్గర అక్బరు జరిపించిన ఖమర్ఘా వీటిలో పేరుపొందింది. జహంగీరు తన పన్నెండవ ఏటి నుంచి 1616 దాకా తన సమక్షంలో పడిన జంతువులను లెక్కవేయిస్తే 28,532 తేలాయి. వాటిలో 17,167 ఆయన స్వయంగా కొట్టినవి. ఈ అంకెలు చదివినప్పుడు కలిగే ఖేదం మాట అటుంచితే, చరిత్రకారుడికి ఇక్కడ పనికివచ్చేది వేటకు పద్దు రాసే అలవాటు ఇంత పాతదన్న సంగతి.

తూర్పిండియా కంపెనీ వచ్చిన మొదట్లో పులిని సాగుకు శత్రువుగా చూసి, చంపినవారికి బహుమతులిచ్చింది. ఆ దశలో ప్రాంతాలను పోల్చవలసిన అవసరమే లేదు. పొలం ఎక్కడ అడవిని తాకితే అక్కడ వేట సాగింది. 19వ శతాబ్దం సగం దాటాక, సెలవులు లెక్కపెట్టుకుని బయలుదేరే సైనికాధికారులకు మాత్రం ఎక్కడికి పోవాలన్నది నిజమైన సమస్య అయింది. జేమ్స్ ఫోర్సిత్ మధ్యభారత ఎత్తుసీమల మీద రాసిన గ్రంథం 1871లోనూ, మైసూరు అడవుల గురించి శాండర్సన్ రాసినది 1878లోనూ వెలువడి ఆ అవసరాన్ని తీర్చాయి. ఫోర్సిత్ గ్రంథానికి సరిగ్గా ఏడాది ముందు, 1870లో, బొంబాయి, అలహాబాదులను జబల్‌పూర్ మీదుగా కలిపే రైలుమార్గం పూర్తయింది. మధ్యపరగణాలు, అంటే నాటి సెంట్రల్ ప్రావిన్సులు, వేటకు పేరెక్కడంలో పులుల సంఖ్యకు ఎంత పాత్ర ఉందో ఆ పట్టాలకూ అంత ఉంది.

ప్రాంతాల మధ్య అసలైన తేడా నేలది. హిమాలయ పాదాల వెంట సాగే చిత్తడి పచ్చికసీమ అయిన తరాయిలో గడ్డి మనిషిని మించి పెరుగుతుంది కనుక అక్కడ కాలినడకన వేట అసాధ్యం. వరసకట్టిన ఏనుగులు కావాలి, అంటే రాజుల అతిథులకో, ఉన్నతాధికారులకో తప్ప మరొకరికి అది అందదు. కూచ్‌బిహార్ మహారాజు నృపేంద్రనారాయణ్ ఆ తూర్పు గడ్డిసీమల్లో 37 ఏళ్లలో 365 పులులనూ, 207 ఖడ్గమృగాలనూ కొట్టినట్లు 1908లో తానే ప్రకటించాడు. నీలగిరుల్లో షోలాలనే చిన్న చిన్న లోయ అడవులకూ వాటి మధ్య పచ్చిక గుట్టలకూ పొంచి నడిచే వేట సరిపడింది. అక్కడి దొరలు తమకు నచ్చిన జంతువులు అంతరించిపోతాయని భయపడి 1877లో ఒక సంఘం కట్టుకోగా, 1879లో ప్రత్యేక చట్టమే వచ్చింది. గంగా యమునల ఒడ్డు మైదానాలు గుర్రమెక్కి అడవిపందిని బల్లెంతో పొడిచేవారివి. తూర్పు కనుమల మన్యంలో జంతుసంపద ఏ సీమకూ తీసిపోకపోయినా, మన్యపు జ్వరానికి, అంటే మలేరియాకు, వెరచి పైవారు ఆ దిక్కుకు తక్కువగా పోయేవారు.

మధ్యపరగణాలకు అనుకూలించింది ఎండాకాలం. ఏప్రిల్, మే నెలల్లో వాగులన్నీ ఎండి నీరు కొద్దిపాటి మడుగులకు పరిమితమయ్యేసరికి పులి ఏ లోయలో పగలు గడుపుతుందో ముందే ఊహించవచ్చు. సాయంకాలం రెండు వాగులు కలిసేచోట దున్నదూడను ఎరగా కట్టి, తెల్లవారి అది పడి ఉందని తెలియగానే మధ్యాహ్నానికి అడవిని తోలేవారు. దీనికే హిందుస్తానీలో హాంకా అని పేరు. తోలేవాళ్లు డప్పులతో, కేకలతో వెనకనుంచి కదిలితే, గరాటులా ఇరుకవుతూ వచ్చే రెండు పక్కలా చెట్ల మీద కొందరు మౌనంగా కూర్చునేవారు. పులి పక్కకు తిరిగిందంటే వాళ్లలో ఒకరు గొడ్డలి మడమతో చెట్టుమానును మెల్లగా తట్టేవారు, లేదా చిన్నగా దగ్గేవారు. గట్టిగా అరిస్తే అది వెనక్కి మళ్లి తోలేవాళ్ల మీద పడుతుంది, ఊరుకుంటే తప్పించుకుంటుంది. ఆ తట్టులోని కొలతే ఆ వేట మొత్తం. గరాటు కొసన మంచె మీద కాచుకున్న తుపాకీ పనికి అట్టే నేర్పు అక్కరలేదు. నేర్పంతా అక్కడి గిరిజనులైన గోండులదీ, బైగాలదీ. గ్రంథాలు మాత్రం మంచె మీదివారి పేరుతో వెలిశాయి.

1878 నాటి అటవీ చట్టం రిజర్వు అడవులను ఏర్పరచి, వాటిలో వేటను నియంత్రించే అధికారాన్ని ప్రభుత్వం చేతికిచ్చింది. కలప నరికే క్రమం కోసం అటవీ శాఖ ఆ అడవులను అప్పటికే బ్లాకులుగా, కంపార్టుమెంట్లుగా విభజించుకుంటున్నది. ఆ విభజనకు వేటను తగిలించడంతో, తమలో తాము తగువులాడుకునే తుపాకులను వేరువేరు లోయలకు పంపడం సాధ్యమైంది. 1912లో అడవి పక్షుల, జంతువుల రక్షణ చట్టం కూడా తోడైంది. మంచి బ్లాకు ఏదన్న చర్చ మాత్రం ఆగలేదు, దానికి అంకెల మీద ఆధారపడే రుచి కూడా పట్టుకుంది. చచ్చిన పులిని చదునైన నేలమీద చాచి, ముక్కు కొసన ఒక మేకు, తోక కొసన ఒక మేకు దిగగొట్టి, మధ్య దూరాన్ని సూటిగా కొలవడం ఒక పద్ధతి. ఒంటి వంపుల వెంట టేపు నడిపించడం మరొకటి. రెండో పద్ధతిలో అదే పులి కొన్ని అంగుళాలు పెరుగుతుంది. ఏ పద్ధతిలో కొలిచారో చెప్పకుండా ఫలానా సీమ పులి పెద్దదని రాసిన రాతలను నమ్మడానికి వీల్లేదు.

తెలుగునాట ఈ చరిత్ర నైజాం సంస్థానానిది. సికింద్రాబాదు నుంచి బెజవాడకు రైలు 1889లో పూర్తికావడంతో ఓరుగల్లు సీమ అడవులు రాజధాని అతిథులకు దగ్గరయ్యాయి. 1902లో వైస్రాయి కర్జన్ దంపతులు వేటాడిన పులితో లాలా దీన్‌దయాళ్ తీసిన ఛాయాచిత్రం నెక్కొండ దగ్గరిది, ఆ నెక్కొండ రైలుస్టేషను ఈ మార్గంలోనిదే. నిజాముల వేటభూమిగా ఉన్న పోచారం 1952లో అభయారణ్యమైంది. హైదరాబాదు అంచున జింకల వేటకు వాడిన షికార్‌గా, అంటే వేటస్థలం, 1975లో హరిణ వనస్థలిగా మారి, పక్కనున్న వనస్థలిపురానికి పేరు పెట్టింది. నల్లమలలో ఫరహాబాద్ దగ్గరా నిజాములు విడిదికట్టి వేటాడారు. ఈ అడవులన్నిటిలో ముందునుంచీ బాణంతో బతికిన చెంచులకు, కోయలకు మాత్రం పర్మిట్ కాగితం లేదు. ఆకలికి కొట్టిన దుప్పి నేరమూ, గోడకు తగిలించుకోవడానికి కొట్టిన పులి గౌరవమూ అయిన ఆ ఏర్పాటులోని అన్యాయాన్ని, కాలధర్మమని చెప్పి తేలికచేయడం తగదు.

స్వాతంత్ర్యం తరువాత విదేశీ వేటగాళ్లకు బ్లాకులు చూపించే సంస్థలు వెలిశాయి. జీపులూ, రాత్రి వేటకు దీపాలూ వచ్చాయి. పులి కనిపించే బ్లాకులు ఏటేటా తగ్గుతూపోయాయి. 1970లో పులివేటను నిషేధించారు. 1972 నాటి లెక్కలో దేశంలో 1,827 పులులు మిగిలాయని తేలింది. ఆ ఏడే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి షికారు బ్లాకుకు చోటు లేకుండా చేసింది. 1973 ఏప్రిల్ 1న తొమ్మిది రిజర్వులతో పులుల ప్రాజెక్టు మొదలైనప్పుడు అందులో జైపూర్ రాజుల రణథంబోర్, మైసూరు రాజుల బందీపూర్, పాత మధ్యపరగణాల కాన్హా ఉన్నాయి. రాజులూ దొరలూ ఇతరులను దూరం పెట్టిన చోట్లనే కాపాడటానికి అడవి మిగిలింది.

రణథంబోర్‌ను ఇప్పుడు పది జోన్లుగా విభజించి, ఒక్కో దాంట్లోకి ఇన్ని వాహనాలని లెక్కకట్టి పంపుతారు. ఏ జోన్‌లో పులి కనిపిస్తుందని సందర్శకులు అడిగే ప్రశ్న, ఏ బ్లాకు మంచిదని వెనకటి సైనికాధికారి అడిగిన ప్రశ్న నుంచి పుట్టినదే. ఫరహాబాద్ నేడు అమ్రాబాద్ పులుల రిజర్వులో సఫారీ వాహనాలు తిరిగే చోటు. అక్కడ తడి ఇసుకలో పులి అడుగు చూసి, అది రాత్రిదో తెల్లవారుజామునదో చెప్పేది అటవీ శాఖ కొలువులో ఉన్న చెంచు కావలిదారు.