ఎండిన, పడిపోయిన చెట్ల నుంచి పొయ్యి కట్టెలు: ఎక్కడివి తెచ్చుకోవచ్చు, ఎలా కొట్టాలి, ఎలా ఆరబెట్టాలి

పత్తి ఏరడం అయిపోయి, యాసంగి నాట్లు పడ్డాక కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో కట్టెల పని మొదలవుతుంది. ఇంట్లో గ్యాస్ ఉన్నా నీళ్లు కాగబెట్టడానికి, బర్రెలకు దాణా ఉడికించడానికి, పెళ్లిళ్లకు కట్టెల పొయ్యి తప్పడం లేదు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు ఉడకబెట్టే రైతులకైతే జనవరి నుంచి మార్చి దాకా బండ్ల కొద్దీ కట్టె కావాలి. ఖర్చు లేకుండా దొరికేది ఎండిన, పడిపోయిన చెట్ల కట్టె. అయితే నేల మీద పడి ఉన్న కట్టె వేరు, నిలబడి ఎండిన చెట్టు వేరు. చట్టం దృష్టిలోనూ, ప్రాణానికి ముప్పు విషయంలోనూ ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

ఎండిందా, ఆకు రాల్చిందా?

ముందు ఈ సంగతి తేల్చుకోవాలి. మన దగ్గరిది ఆకురాల్చే అడవి. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి టేకు, నల్లమద్ది, చిరుమాను లాంటివి ఆకు రాల్చి మోడుల్లా నిలబడతాయి. మోదుగ ఆకు లేకుండానే పూస్తుంది. సరిగ్గా మనం కట్టెలకు పోయే రోజుల్లోనే బతికున్న చెట్టు కూడా చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. తెలియక గొడ్డలి వేస్తే పచ్చి చెట్టును నరికినట్టే, కేసు కూడా అలాగే అవుతుంది.

కత్తి మొనతో బెరడు గీకి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ భాగం ఎండినట్టు. ఒక్కచోట చూసి వదలొద్దు. ఒక కొమ్మ ఎండి మిగతా చెట్టు బతికి ఉండొచ్చు కాబట్టి మొదలు దగ్గర, నడుమ, రెండు మూడు కొమ్మల మీద చూడాలి. సన్న రెమ్మ వంచితే పుటుక్కున విరగాలి, వంగితే అది బతికే ఉంది.

దీనికంటే తేలికైన పద్ధతి ఇంకొకటి ఉంది. బతుకమ్మకు తంగేడు, గునుగు తెచ్చే రోజుల్లో ఏ చెట్టు చూసినా పచ్చగా ఉంటుంది. అప్పుడు కూడా ఆకు లేకుండా ఉన్నదే నిజంగా ఎండిన చెట్టు. మీ చెల్కలో, గెట్టు మీద అలాంటివి కనిపిస్తే గుర్తుగా ఒక గుడ్డపేలిక కట్టి పెట్టుకోండి. పని ఎండాకాలంలో చేసుకోవచ్చు.

ఎక్కడి కట్టె ఎవరిది?

మీ పట్టా భూమిలో రాలిన కొమ్మలు, గాలికి పడిన మానులు ఇంటి పొయ్యికి వాడుకోవచ్చు. నిలబడి ఉన్న చెట్టును కొట్టాలంటే, అది మీ భూమిలోదే అయినా, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద ముందుగా అనుమతి తీసుకోవాలి. ఎండిపోయిందన్నది అనుమతి అడగడానికి మంచి కారణం, అనుమతి లేకుండా కొట్టడానికి కాదు. ఫోటో తీసి పెట్టుకుని దరఖాస్తు చేయండి. టేకు విషయంలో మరీ జాగ్రత్త. ఎండినా, విరిగినా టేకును కలపగానే చూస్తారు. కాగితం లేకుండా బండి మీద వేసుకుని రోడ్డెక్కితే బండి కూడా పట్టుబడుతుంది. తాటి, ఈత చెట్లు కొట్టాలంటే ఎక్సైజ్ శాఖ అనుమతి కూడా కావాలి. చాలామందికి ఈ విషయం జరిమానా పడ్డాకే తెలుస్తుంది.

చెరువు కట్ట, ఎస్సారెస్పీ కాలువ గట్టు, రోడ్డు పక్క చెట్టు గాలికి పడిపోతే ఎవరిదీ కాదనుకుంటాం. ఆ చెట్టు పంచాయతీదో, నీటిపారుదల శాఖదో, రోడ్ల శాఖదో అవుతుంది. మొద్దును వాళ్లు వేలం వేయవచ్చు. పంచాయతీ కార్యదర్శిని అడిగి, చెప్పినంత మేరకే తెచ్చుకోండి. దారికి అడ్డం పడిన కొమ్మలు తీసుకుపొమ్మని వాళ్లే చెప్పడం కూడా ఉంటుంది.

రిజర్వు అడవిలో 1967 నాటి అటవీ చట్టం వర్తిస్తుంది. అనుమతి లేకుండా చెట్టు నరకడం నేరం. నేల మీది ఎండు పుల్లలను నెత్తి మోపుగా తెచ్చుకునే విషయంలో మీ బీటు అధికారి ఏ చోటికి, ఏ రోజుల్లో సరేనంటారో ముందే కనుక్కోండి. వన సంరక్షణ సమితి ఉన్న ఊళ్లో సమితి ద్వారా అడగడం సులువు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం హక్కు పొందిన ఆదివాసీలకు, తరతరాలుగా అడవి మీద బతుకుతున్న ఇతరులకు కలప కాని అటవీ ఉత్పత్తులు సేకరించుకునే హక్కు ఉంది. పుల్లకట్టె, చెట్టు మొదళ్లు కూడా అందులోకే వస్తాయి. నిజాం కాలంలో ఆదిలాబాద్ గూడేల మీద పశువుల మేతకు, కట్టెలకు కూడా పన్ను వేశారు. కొమురం భీం పోరాటం వెనుక ఉన్న కారణాల్లో అదొకటి. కాబట్టి హక్కు పత్రం ఉన్నవారు దాన్ని ఇంట్లో దాచిపెట్టకుండా ఒక నకలు దగ్గర ఉంచుకోవడం మంచిది.

కవ్వాల్ అభయారణ్యం 2012లో పులుల రిజర్వు అయింది. జన్నారం, కడెం, ఉట్నూర్ చుట్టుపక్కల రైతులు తమ ఊరు ఏ హద్దులో ఉందో తెలుసుకోకుండా లోపలికి పోవద్దు. అక్కడ వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది, నియమాలు ఇంకా గట్టిగా ఉంటాయి.

అడవిలోకి పోయేటప్పుడు

ఒంటరిగా పోవద్దు. 2020 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో ఇద్దరు, 2024 నవంబరులో కాగజ్‌నగర్ వైపు పత్తి చేనులో ఒక యువతి పులి దాడిలో చనిపోయారు. కట్టెలు ఏరేటప్పుడు కూడా మనిషి పత్తి ఏరినట్టే వంగి, చప్పుడు లేకుండా పని చేస్తాడు. నలుగురైదుగురు కలిసి, మాట్లాడుకుంటూ, బాగా పొద్దెక్కాక వెళ్లి సాయంత్రం నాలుగింటికల్లా బయటపడండి. పులి జాడ ఉందని అటవీ సిబ్బంది చెప్పిన రోజు ఆ వైపే పోవద్దు.

పులి కంటే ఎక్కువ భయపడాల్సింది కరెంటు తీగకు. అడవి పందుల కోసం చేను చుట్టూ దొంగతనంగా తీగలు పెట్టి కరెంటు ఇస్తున్నారు. అది నేరం. రాత్రి పెట్టిన తీగను పొద్దున తీయడం మరిచిపోతే కట్టెలకు వచ్చిన మనిషి బలి అవుతాడు. తెల్లవారకముందు అడవి అంచు చేలల్లో నడవొద్దు. నేల మీద సన్న తీగ కనిపిస్తే దాటొద్దు, ముట్టొద్దు. ఏప్రిల్, మే ఈదురుగాలులకు కరెంటు తీగల మీద పడిన చెట్టు జోలికి కూడా పోవద్దు. 1912కు ఫోన్ చేసి, సరఫరా ఆపినట్టు లైన్‌మన్ చెప్పాకే కొమ్మ ముట్టుకోండి.

మొద్దును చేత్తో ఎత్తకముందు కర్రతో తట్టి, దొర్లించి చూడండి. కట్లపాము, పింజర, తేలు బెరడు కిందా మొద్దు కిందా చల్లగా పడుకుంటాయి. పాము కాటేస్తే గాటు పెట్టడం, గట్టిగా కట్టు కట్టడం చేయకుండా కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108లో ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కొట్టే పద్ధతి

నిలబడి ఎండిన చెట్టును అనుభవం లేనివారు కొట్టొద్దు. పచ్చి చెట్టును నరికితే తెగకుండా మిగిలిన నార బిజాగిరీలా పట్టి ఉంచి, అనుకున్న దిక్కుకు దించుతుంది. ఎండిన చెట్టులో ఆ నార ఒక్కసారిగా విరుగుతుంది, చెట్టు ఎటు పడుతుందో చెప్పలేం. పైగా కింద గొడ్డలి దెబ్బ పడిన అదురుకే పైన ఎండు కొమ్మ ఊడి నెత్తి మీద పడుతుంది. గొడ్డలి వెనుక వైపుతో మానును కొట్టి చూడండి. డొల్ల మోత వస్తే లోపల పుచ్చిపోయినట్టు. అనుమతి వచ్చినా అలాంటి చెట్టుకు తెలిసిన మనిషిని పిలవండి. ఇంటి మీదికో తీగల మీదికో వాలి ఉంటే తప్పనిసరిగా పిలవాలి.

పడిపోయిన చెట్టు దగ్గర కూడా ముందు పైకి చూడండి. పక్క చెట్టులో చిక్కుకుని వేలాడే కొమ్మ ఉంటే దాని కింద పని చేయొద్దు. వేళ్లతో సహా పెకలించుకుని పడిన చెట్టు మానును కోస్తే, మట్టి పట్టిన ఆ వేళ్ల ముద్ద మళ్లీ గుంతలోకి లేచి పడుతుంది. పిల్లలను ఆ గుంతలోకి దిగనివ్వొద్దు. విల్లులా వంగి ఒత్తిడిలో ఉన్న కొమ్మను సాగిన వైపు నుంచి ఒకేసారి కోస్తే ఎగిరి ముఖానికి తగులుతుంది. ముందు నొక్కుకుపోయిన లోపలి వైపు కొద్దిగా కోసి, తర్వాత సాగిన వైపు మెల్లగా కోయాలి. వాలు మీద ఎప్పుడూ మొద్దుకు పై వైపే నిలబడాలి.

గొడ్డలి కామ వదులుగా ఉంటే ఆ రోజు పని ఆపేయండి. మొద్దు గొడ్డలి జారి కాలికి తగులుతుంది కాబట్టి పనికి ముందే సానరాయి మీద పదును పెట్టుకోవాలి. కొమ్మ మానుకు ఒక వైపు ఉంటే మీరు రెండో వైపు నిలబడి కొట్టండి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. చుట్టూ పది అడుగుల్లో ఎవరూ ఉండకూడదు. పొయ్యికి మూరెడు ముక్కలు సరిపోతాయి. రంపంతో ముక్కలు కోసి, నిలబెట్టి, కొనలో పగుళ్లు ఉన్న చోట దెబ్బ వేస్తే తేలిగ్గా చీలుతుంది. మెలి తిరిగిన చింత మొద్దుకు గొడ్డలి కంటే ఇనుప మేకు, సమ్మెట మేలు.

ఏ కట్టె మంచిది?

నల్లతుమ్మ, సర్కారు తుమ్మ, చండ్ర, చిరుమాను నిదానంగా కాలి మంచి నిప్పు ఇస్తాయి. పసుపు ఉడకబెట్టడానికి ఇవే సరైనవి. సర్కారు తుమ్మ ముల్లు మాత్రం చెప్పులోంచి దిగుతుంది. వేప, మామిడి ఫరవాలేదు. మోదుగ, బూరుగ, మునగ భగ్గున మండి ఆరిపోతాయి, రాజేయడానికి తప్ప పనికిరావు. ముష్టి, గన్నేరు విషపు చెట్లు కాబట్టి పొయ్యిలో పెట్టొద్దు. నల్లజీడి పాలు ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది, దాని పొగ కూడా పడదు. ఇప్ప ఎండినా గూడెం పెద్దలను అడిగాకే ముట్టండి.

పత్తి కట్టె, కంది కట్టె కూడా వాడుకోండి. కానీ పత్తి కట్టెను చేను పక్క కుప్పవేసి వచ్చే వానాకాలం దాకా ఉంచొద్దు. గులాబీ రంగు పురుగు ఆ కట్టెకు మిగిలిన ఎండు కాయల్లో దాక్కుని కొత్త పంట మీదికి వస్తుంది. కాయలు దులిపి కాల్చేసి, కట్టెను ఎండాకాలంలోనే ముందుగా వాడేయాలి.

ఆరబెట్టడం, దాచడం

పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే. ముప్పై కిలోల పచ్చి మోపు ఎత్తుకున్న ఆడమనిషి పదిహేను కిలోల నీళ్లు మోస్తున్నట్టు. ఆ నీరు ఆవిరయ్యేదాకా పొయ్యి వేడిలో ఎక్కువ భాగం వృథా, మిగిలేది పొగ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఇళ్లలోని పొయ్యి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారు. తడి ఐదో వంతు కంటే తగ్గితేనే కట్టె బాగా మండుతుంది.

చీల్చిన కట్టె మన ఎండకు రెండు మూడు నెలల్లో ఆరుతుంది, చీల్చని మొద్దు ఏడాదైనా ఆరదు. కొనల్లో పగుళ్లు రావడం, రెండు ముక్కలు కొడితే ఖంగున మోగడం ఆరిందనడానికి గుర్తు. రాళ్ల మీద రెండు దుంగలు వేసి, నేలకు జానెడు ఎత్తున, గాలి ఆడేలా పేర్చండి. నేల మీద పేరిస్తే చెదలు పడతాయి. మృగశిరకు ముందే పైన రేకు వేయండి, పక్కలు మూయొద్దు. ఇంటి గోడకు ఆనించి పేర్చడం మన అలవాటే గానీ పామును గడపలోకి పిలిచినట్టు అవుతుంది, పది అడుగుల దూరంలో పేర్చండి. పై వరుస నుంచే తీయండి, రాత్రిపూట లైటు లేకుండా చెయ్యి పెట్టొద్దు.

చేనులో ఎండిన చెట్లు నాలుగుంటే, తీగకూ ఇంటికీ దూరంగా ఉన్న ఒకదాన్ని వదిలేయండి. మన పాలపిట్ట ఎండాకాలంలో అలాంటి చెట్టు తొర్రలోనే గుడ్లు పెడుతుంది, చేనులో మిడతలను, పురుగులను తింటుంది. తొర్రలో పిల్లలు ఉంటే వానలు పడేదాకా ఆ చెట్టును కొట్టొద్దు.