ఐదు విడతల కచేరీ, ఆరు అంశాల ఆల్బమ్: బిల్ ఎవాన్స్ త్రయం ‘సండే ఎట్ ది విలేజ్ వాన్‌గార్డ్’

తాళపత్ర గ్రంథాలకు పాఠాంతరాలు ఉన్నట్లే ధ్వనిముద్రణలకూ ఉంటాయి. అయితే జాజ్‌లో ఒకే పాటను ఒకే రోజు మూడుసార్లు వాయిస్తే మూడూ మూలపాఠాలే. కర్ణాటక సంగీతంలోని మనోధర్మం వలె అప్పటికప్పటి కల్పనే ఆ కళకు ప్రాణం కనుక, ఒకటి సుపాఠమనీ తక్కినవి అపపాఠాలనీ నిర్ణయించడానికి వీలులేదు. ఏ వాయింపు ఆల్బమ్‌కు ఎక్కింది, ఎవరు ఏ దృష్టితో ఎంచారు అన్నదే విమర్శకు తొలి ప్రశ్న కావాలి. బిల్ ఎవాన్స్ త్రయం 1961లో వెలువరించిన ‘సండే ఎట్ ది విలేజ్ వాన్‌గార్డ్’ ఇందుకు గట్టి నిదర్శనం.

అది 1961 జూన్ 25, ఆదివారం. న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లో నేలమాళిగలో నడిచే చిన్న క్లబ్బు విలేజ్ వాన్‌గార్డ్. పియానో ఎవాన్స్‌ది, బేస్ స్కాట్ లఫారోది, డ్రమ్స్ పాల్ మోషన్‌వి. మధ్యాహ్నం రెండు, రాత్రి మూడు, మొత్తం ఐదు విడతల కచేరీని రివర్‌సైడ్ సంస్థ నిర్మాత ఓరిన్ కీప్‌న్యూస్ రికార్డు చేయించాడు. శ్రోతల ముచ్చట్లు, గ్లాసుల చప్పుడు కూడా టేపుల్లో నిలిచాయి. పదకొండు రోజులకు, జూలై 6న, లఫారో కారు ప్రమాదంలో మరణించాడు. అప్పటికి అతని వయస్సు 25. ఎవాన్స్ కొన్ని నెలలపాటు వాద్యానికి దూరమయ్యాడు.

ఆల్బమ్ ఎంపిక ఈ మరణం తరువాత జరిగింది. ఆరు అంశాల ఆ సంపుటి లఫారో కూర్చిన ‘గ్లోరియాస్ స్టెప్’తో మొదలై, అతనిదే అయిన ‘జేడ్ విజన్స్’తో ముగుస్తుంది. అట్టమీద అతని పేరును ప్రత్యేకంగా వేశారు. లోపల బేస్ వాద్యం ప్రస్ఫుటమయ్యే వాయింపులకు పెద్దపీట వేశారు. కచేరీ నివేదిక రూపంలో వెలువడినా ఇది స్వభావంలో స్మృతికావ్యం. అదే రోజు టేపుల నుంచి తీసి 1962లో విడుదల చేసిన ‘వాల్ట్జ్ ఫర్ డెబీ’ తీరు వేరు. అందులోని ‘మై ఫూలిష్ హార్ట్’లో లఫారో కొద్దిపాటి స్వరాలతో పియానోకు నేల పరుస్తాడు, అంతే.

ఈ త్రయాన్ని ముగ్గురి సమాన సంభాషణగా వర్ణించడం విమర్శలో స్థిరపడిన మాట. పియానో నడిపిస్తే బేస్, డ్రమ్స్ లయ పట్టే పాత పద్ధతిని వీరు సడలించారన్నది నిజమే. ‘సోలార్’ ఒక్కటి విన్నా చాలు. కానీ ఆ వర్ణనకు ఆధారమైన పాఠమే బేస్‌ను వినిపించడానికి ఎంచినది. సమానత్వాన్ని కొనియాడే రచనల్లో మోషన్ కుంచెల పనితనానికి తరచు రెండు వాక్యాలకు మించి చోటు దక్కకపోవడం కూడా గమనించదగినదే.

ఐదు విడతలూ వరుసక్రమంలో 2005లో మూడు సీడీలుగా వచ్చాయి. మొదటి అంశం మధ్యలో విద్యుత్తు పోయి ముద్రణ తెగిన చోటు కూడా అందులో ఉంది. ‘ఆల్ ఆఫ్ యూ’ మూడుసార్లు వినిపిస్తుంది. తరువాత ఏది వాయించాలన్న మాటలూ వినిపిస్తాయి. ఆసక్తికరమైన విషయం మరొకటి: ఆ తెగిన మొదటి అంశం ‘గ్లోరియాస్ స్టెప్’, రాత్రి చివర వెంటవెంటనే రెండుసార్లు వాయించినది ‘జేడ్ విజన్స్’. అంటే నివాళి కోసం కట్టినట్లు తోచే ఆద్యంతాలు ఆ రోజు కచేరీలోనే ఉన్నాయి. సంపాదకులు వాటిని సృష్టించలేదు. ఆ రోజు ముగ్గురికీ అది మామూలు పనిదినం; విషాదార్థం మాత్రం జూలై 6 తరువాత చేరింది.

అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2009 జాతీయ ధ్వనిముద్రణల పట్టికలో చేర్చినది ఆరు అంశాల ఆల్బమ్‌ను కాదు, ఈ సంపూర్ణ పాఠాన్ని.