కాకినాడ ప్రయోగం

కాకినాడ అంటే మనకు కాజా గుర్తుకు వస్తుంది, ఓడరేవు గుర్తుకు వస్తుంది. మనస్తత్వశాస్త్రం చదివినవాళ్ళకి ఇంకొకటి కూడా గుర్తుకు వస్తుంది. అది 1964లో మొదలైన ఒక ప్రయోగం. ఈసారి దాని గురించి రాస్తున్నాను. మనస్తత్వశాస్త్రం అంటే సైకాలజీ. పెద్ద మాటే, కానీ మనస్సు, తత్వం, శాస్త్రం అని విడదీస్తే సులువు.

ఆ రోజుల్లో ఒక పెద్ద ప్రశ్న ఉండేది. కొన్ని దేశాలు త్వరగా బాగుపడతాయి, కొన్ని వెనకబడతాయి. ఎందుకు? డబ్బు, యంత్రాలు లేకపోవడం వల్ల అని కొందరు అన్నారు. భారతదేశం గురించి అయితే, కర్మ మీద, తలరాత మీద నమ్మకమే కారణం అని మరికొందరు అన్నారు. నేను ఇంగ్లీషు మీడియంలో చదువుకున్నాను. ఈ రెండో మాట చాలాసార్లు విన్నాను. అందుకే ఈ కథ నాకు ముఖ్యం.

డేవిడ్ మెక్లెలాండ్ అప్పట్లో హార్వర్డ్‌లో మనస్తత్వశాస్త్రం ప్రొఫెసర్‌గా ఉండేవారు. 1961లో "ది అచీవింగ్ సొసైటీ" అనే పుస్తకం రాశారు. దానికోసం ఆయన చాలా దేశాల చిన్నపిల్లల పాఠ్యపుస్తకాలు తెప్పించి, వాటిలోని కథలు పరిశీలించారు. ఈ కథల్లో మనుషులు పనిని ఇంకా బాగా చేయాలని తపిస్తున్నారా అని చూశారు. ఆ తపన ఎక్కువగా ఉన్న దేశాలు తరువాత ఎక్కువగా ఎదిగాయి అని ఆయన వాదన.

అప్పుడు ఇంకో ప్రశ్న వచ్చింది. తపన చిన్నప్పుడే రావాలా, లేక పెద్దవాళ్ళకి కూడా నేర్పవచ్చా?

ఇది చూడటానికి కాకినాడను ఎంచుకున్నారు. హైదరాబాదులో చిన్న పరిశ్రమల కోసం సీట్ అనే ప్రభుత్వ శిక్షణ సంస్థ ఉండేది. అది 1962లో ఆ ఊరికి వచ్చింది. కాకినాడ నుంచి 52 మంది వ్యాపారస్తులు జట్లు జట్లుగా అక్కడికి వెళ్ళారు. శిక్షణ సుమారు పది రోజులు. పోల్చి చూడటానికి రాజమండ్రిని తీసుకున్నారు. అదే జిల్లా, దాదాపు అంతే ఊరు, కానీ అక్కడివాళ్ళకి శిక్షణ ఇవ్వలేదు.

శిక్షణలో ఏం చేశారు? బొమ్మలు చూపించి కథలు రాయమన్నారు. తరువాత ఎవరి కథలో ఎంత తపన ఉందో వాళ్ళే చూసుకున్నారు. రింగులు విసిరే ఆట కూడా ఉంది. ఎంత దూరంలో నిలబడాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. మరీ దగ్గరగా నిలబడితే గెలిచినా సంతోషం లేదు. మరీ దూరంగా నిలబడితే గెలుపు అదృష్టం మాత్రమే. కష్టపడితే అందే దూరం ఎక్కడో తెలుసుకోవాలి. చివరికి ప్రతి ఒక్కరూ తన వ్యాపారానికి ఒక గురి పెట్టుకున్నారు. ఆ గురిని కాగితం మీద రాసుకున్నారు. ఊరికి వచ్చాక ఒకరికొకరు తోడుగా ఉండాలి.

ఫలితాలు 1969లో పుస్తకంగా వచ్చాయి. మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి రాశారు. శిక్షణ తీసుకున్నవాళ్ళు ఎక్కువ చురుకుగా పనిచేశారు, ఎక్కువ పెట్టుబడి పెట్టారు, ఎక్కువమందికి ఉద్యోగాలు ఇచ్చారు. పాత ఆచారాలు, నమ్మకాలు ఉన్నవాళ్ళు వెనకబడలేదు. బొట్టు తీసేయనక్కర్లేదు, దేవుణ్ణి మానేయనక్కర్లేదు!

కానీ ఒక మాట చెప్పాలి. తమ వ్యాపారంలో నిర్ణయాలు తమ చేతిలో ఉన్నవాళ్ళలోనే మార్పు బాగా కనిపించింది. పై వాళ్ళ మాట వినాల్సినవాళ్ళకి తపన ఉన్నా దారి లేదు. విమర్శకులు కూడా ఇదే అడిగారు. అప్పు దొరకనివాడికి, భూమి లేని కూలివాడికి పది రోజుల శిక్షణ ఏం చేస్తుంది? నాకు ఇది న్యాయమైన ప్రశ్న అనిపిస్తుంది. పేదవాణ్ణి "నీకు తపన లేదు" అంటే, అది "నీ తలరాత" అన్నదానికంటే గొప్ప మాట కాదు. మనసు మారాలి, దారి కూడా తెరుచుకోవాలి.

తరువాత గుజరాత్‌లో కొత్త వ్యాపారస్తులకి శిక్షణ మొదలైంది. 1983లో అహ్మదాబాదు దగ్గర దీనికోసమే ఒక జాతీయ సంస్థ వచ్చింది. ఆ దారిలో కాకినాడ ఒక ముఖ్యమైన మజిలీ.

ఈ వారం మన కొత్త మాటలు: తపన, తలరాత, గురి, మజిలీ. ఒక్కొక్కదానితో ఒక వాక్యం రాయండి. మీ ఇంట్లో కాకినాడవాళ్ళు ఎవరైనా ఉంటే, 1964లో ఆ ఊరు ఎలా ఉండేదో తెలుగులోనే అడగండి.