ల్యాండ్ క్రూజర్ ఎఫ్‌జే40కు ఐదు గేర్ల అమరిక

టొయోటా 1960 నుంచి 1984 వరకు తయారుచేసిన ల్యాండ్ క్రూజర్ ఎఫ్‌జే40లోని ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్‌కు ఆ సంస్థదే అయిన హెచ్55ఎఫ్ అనే ఐదు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్‌ను జోడించే మార్పు ఇది. ఈ బండ్లకు తొలుత మూడు, 1970ల మధ్య నుంచి నాలుగు గేర్లు ఉండేవి. నాలుగింటి పెట్టెలో చివరి గేరు నిష్పత్తి 1.000 కావడంతో హైవేపై ఇంజన్ రొద ఎక్కువ. వీటిలో వాడిన 4.2 లీటర్ల 2ఎఫ్ ఇంజన్ గరిష్ఠ టార్క్‌ను సుమారు 1,800 ఆర్‌పీఎం వద్దే ఇస్తుంది గనుక దానిని అంత వేగంగా తిప్పనక్కర్లేదు.

హెచ్55ఎఫ్ ఐదో గేరు నిష్పత్తి 0.845. నాలుగో గేరులో 3,000 ఆర్‌పీఎం పట్టే వేగానికి ఇందులో దాదాపు 2,535 చాలు. మొదటి గేరు 4.843, నాలుగు గేర్ల హెచ్42లో అది 3.555 మాత్రమే. రాళ్లదారిలో, నిటారు ఎత్తుల్లో నెమ్మదిగా పాకడానికి ఈ తేడా బాగా పనికొస్తుంది. హైవే సౌకర్యం కోసమే ఈ మార్పు అనుకోవడం సగం నిజమే.

పాత పెట్టె కన్నా ఇది పొడవు. అందువల్ల ముందు, వెనుక ప్రొపెల్లర్ షాఫ్టుల పొడవులు సరిచేయాలి. పాత నమూనాల్లో ట్రాన్స్‌ఫర్ కేస్‌తో పొసగడానికి అదనపు భాగాలూ అవసరమవుతాయి.