కంపవాతము: దూలగొండి నుండి విద్యుత్తు వరకు

ముసలివాని చేయి వణకుటను వ్యాధిగా నెంచువారు మన పల్లెలలో తక్కువ. నాగర్‌కర్నూలు జిల్లాలోని కోడేరు మొదలు ఏ యూరనైనను దానిని వార్ధక్యమనియో, పూర్వకర్మమనియో సరిపెట్టుకొనుట కలదు. ఈ భ్రమకు విరుగుడు ఆ వ్యాధి చరిత్రయే.

ఆయుర్వేదము దీనిని కంపవాతమన్నది. 1817లో లండను వైద్యుడు జేమ్సు పార్కిన్సను ఆరుగురు రోగుల స్థితిని వర్ణించి చిన్న గ్రంథము ప్రకటించెను. వారిలో కొందరు ఆయన వీధిలో చూచినవారే. వ్యాధికి తరువాత ఆయన పేరే నిలిచినది. మెదడులో డోపమీను అను ద్రవ్యము కొరవడుటయే దీనికి మూలమని 1960లో తేలినది.

ఆ కొరతను తీర్చు లెవోడోపాను 1937లోనే మద్రాసున దామోదరన్, రామస్వామి యను శాస్త్రజ్ఞులు దూలగొండి గింజలనుండి వేరుచేసిరి. తాకినంతనే దురద పుట్టించు మన తీగయే యది! అయినను అది ఈ రోగులకు మందుగా పరీక్షకు వచ్చినది 1961లో, వియన్నా నగరమున. ఏండ్లు గడచినకొలది ఆ మందు పనిచేయు వ్యవధి తగ్గును. అవయవములు తమంత తామే మెలిదిరుగుటయు కలుగును.

మెదడులో కొంచెము భాగమును మాడ్చి వణకు నాపు పద్ధతి యొకటి యుండెను. కాని మాడ్చినది మరల రాదు. ఫ్రాన్సులో గ్రెనోబులు నగరపు శస్త్రవైద్యుడు బెనబీడు, మాడ్చవలసిన తావును గుర్తించుటకై విద్యుత్తు పంపుచు, సెకనుకు నూరు స్పందనముల వేగమున వణకు నిలిచిపోవుట కనిపెట్టెను. మాడ్చుటకు మారుగా సన్నని తీగను మెదడులో నిలిపి, రొమ్ముపై చర్మముక్రింద చిన్న యంత్రము నమర్చు పద్ధతిని 1987లో ప్రకటించెను. 1993 నాటికి సబ్‌థాలమిక్ కేంద్రకమునకు విద్యుత్తు నందించి, అవయవముల బిగువును, మందగమనమును గూడ తగ్గింపగలిగిరి. 2002లో అమెరికా ప్రభుత్వము ముదిరిన వ్యాధికి దీని ననుమతించెను. హైదరాబాదులోని నిమ్సు వైద్యశాలలోను ఈ చికిత్స జరుగుచున్నది.

ఇది వ్యాధిని నిర్మూలింపదు, మతిమరపును మాన్పదు. రక్తస్రావము, చీము పట్టుట వంటి ప్రమాదములు లేకపోలేదు. లెవోడోపాతో మేలుపొందువారికే ఇది ప్రాయికముగ ఫలించును. వ్యయమును అధికమే. కావున ఎల్లరకు శస్త్రచికిత్స యవసరమని కాదు. ఎల్లరకు వైద్యపరీక్ష యవసరము. వణకు చేతిని పైపంచెలో దాచుకొను పెద్దవానిని నవ్వులపాలు చేయక, వైద్యునికడకు గొనిపోవుట యింటివారి ధర్మము. ఆ యొక్క యడుగు పడనిచో, రెండువందల యేండ్ల యీ పరిశోధనమంతయు ఆ యింటికి లేనట్లే.