సర్హద్దు కాగితాలు

పాకిస్తాన్‌కి పొమ్మని మమ్మల్ని చాలామందే అన్నారు, ఇంకా అంటూనే వున్నారు. పోవాలంటే ఏ కాగితాలు కావాలో ఆ అనేవాళ్లకి తెలియదు. మాకు తెలుసు. సైదాబాద్‌లో, మాదన్నపేటలో, చంచల్‌గూడలో, ఉజాలేషా ఈద్గా చుట్టుపక్కల మొహల్లాల్లో, ఎవరో ఒకరు అటు పోయిన ప్రతి ఇంట్లోనూ సందూకు అడుగున అవి వుంటాయి. గడువు తీరిన పాస్‌పోర్టులు, వీసా ఫారాల నకళ్లు, మామూ ఇంతెకాల్ అయ్యాడని కరాచీ నుంచి వచ్చిన తార్లు. మా గురించి రాసేవాళ్లు చార్మినార్ గురించి రాశారు, బిర్యానీ గురించి రాశారు, రజాకార్ల గురించి మరీ మరీ రాశారు. ఈ సందూకు తెరిచినవాళ్లు తక్కువ.

1947 ఆగస్టులో గీత గీసినప్పుడు అటూ ఇటూ పోవడానికి పాస్‌పోర్టు లేదు, పర్మిట్ లేదు. 1948 జులై 19న ఢిల్లీ ఒక ఆర్డినెన్సు తెచ్చింది. పశ్చిమ పాకిస్తాన్ నుంచి వచ్చేవాళ్ల చేతిలో పర్మిట్ వుండాలంది. కొన్ని నెలలకి పాకిస్తాన్ కూడా అదే పని చేసింది. ఆ తేదీ అక్కడితో ఆగలేదు, రాజ్యాంగం ఆరో అధికరణంలోకి ఎక్కి కూచుంది. అటు నుంచి ఆ రోజుకి ముందొచ్చినవాళ్లు ఒక లెక్క, తర్వాత వచ్చినవాళ్లు ఇంకో లెక్క. ఏడో అధికరణం ఇంకా గట్టిది. 1947 మార్చి 1 తర్వాత అటు వలసపోయినవాళ్లు పౌరులు కారు, శాశ్వతంగా తిరిగిరావడానికి ఇచ్చిన పర్మిట్ పట్టుకొస్తే తప్ప!

ఆ ఆర్డినెన్సు వచ్చిన రోజుకి హైదరాబాద్ ఇండియాలో లేదు. సెప్టెంబరు 17న కలిపారు. దానికి పోలీసు చర్య అని పేరు. ఆ రోజుల్లో, ఆ తర్వాతా చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలని సుందర్‌లాల్ కమిటీ చెప్పింది. ఆ రిపోర్టుని దశాబ్దాల పాటు బైటికి రానివ్వలేదు. ప్రాణభయంతో కొందరు పోయారు. కొలువు ఊడి కొందరు పోయారు. అన్న పోతే వెనక తమ్ముడు పోయాడు. బొంబాయిలో ఓడెక్కినవాళ్లున్నారు, జోధ్‌పూర్ మీదుగా మునాబావ్ దాటి ఖోఖ్రాపార్‌లో దిగినవాళ్లున్నారు. కరాచీలో హైదరాబాద్ కాలనీ అట్లా పుట్టింది. అక్కడి అచార్ దుకాణాలకి ఇప్పటికీ పేరు.

పోయినవాళ్లంతా వలస పోయారా? అమ్మీజాన్‌ని ఇక్కడే వుంచి, నాలుగు నెలలు చూసొద్దామని పోయినవాడిది వలస ఎట్లా అవుతుంది? గలాటా చల్లారాక వద్దామనుకున్నవాడిది? పర్మిట్ ఆఫీసుకి ఈ తేడాలు పట్టలేదు. 1952 అక్టోబరు 15 నుంచి పర్మిట్ పోయి పాస్‌పోర్టు వచ్చింది. తిరిగి రావాలనుకున్నవాడికి అక్కడ దొరికే పాస్‌పోర్టు ఏది? పాకిస్తాన్‌దే. అది తీసుకుని, దాని మీద ఇండియా వీసా వేయించుకుని, తను పుట్టిన ఇంటికి తను విదేశీయుడిగా వచ్చాడు. వీసా గడువు అయిపోయింది. మనిషి పోలేదు. పోలీసులొచ్చారు.

ఇట్లాంటి ఒక కేసు 1961లో సుప్రీంకోర్టుకి చేరింది. ఒక పక్క ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, ఇంకో పక్క ఒక మామూలు సాయిబు. 1955 జనవరిలో పాకిస్తాన్ పాస్‌పోర్టుతో ఇండియాకి వచ్చాడు. దేశం విడిచి పొమ్మంటే పోలేదని శిక్ష వేశారు. కోర్టు అతన్ని వదిలేసింది. కారణాలు రెండు. 1957లో మార్చకముందు విదేశీయుల చట్టంలో, బ్రిటిష్ ఇండియాలో పుట్టినవాడు విదేశీయుడి కింద రాడు. రెండోది, పౌరసత్వం పోయిందా లేదా అన్నది తేల్చాల్సింది కేంద్ర ప్రభుత్వం, పోలీసు కాదు. సంతోషించాల్సిందే. కానీ మరుసటేడే, 1962లో, అదే కోర్టు ఇంకో తీర్పులో వేరే దేశం పాస్‌పోర్టు తీసుకోవడమే ఆ దేశ పౌరసత్వం కోరి తీసుకున్నట్టు తిరుగులేని రుజువనే రూల్ సరైనదే అంది. తర్వాత 1965లో మద్రాసు కేసులో కొంచెం తలుపు తెరిచింది. బలవంతం మీద తీసుకున్నానని ఎవరైనా చెప్పుకుంటే విచారించాలంది. ఇల్లు చేరడానికి మరో దారి లేకపోవడం బలవంతం కిందికి వస్తుందో రాదో కాగితం మీద నిరూపించాలంటే మాత్రం వకీలు కావాలి, పైసలు కావాలి.

1965 యుద్ధంతో ఖోఖ్రాపార్ దారి మూసుకుపోయింది. అక్కణ్ణుంచి హైదరాబాదోడు కరాచీ పోవాలంటే ఉత్తరాన పంజాబ్ దాకా ఎక్కి, అట్టారీ దాటి, లాహోర్ నుంచి మళ్లీ దక్షిణానికి దిగాలి. పక్కింటికి ఊరంతా తిరిగి పోయినట్టు. 1976 జులై 22న సమ్‌ఝౌతా ఎక్స్‌ప్రెస్ మొదలైంది. వీసా దేశానికి ఇచ్చేవాళ్లు కాదు, ఊళ్లకి ఇచ్చేవాళ్లు. హైదరాబాద్ అని రాస్తే హైదరాబాదే. గుల్బర్గాలో ఖాలా చావుబతుకుల్లో వున్నా పోవడానికి వుండేది కాదు. వచ్చిన 24 గంటల్లో పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాల్సి వచ్చేది, పోయేటప్పుడు మళ్లీ చెప్పాల్సి వచ్చేది, ఏ చెక్‌పోస్టున వచ్చారో అక్కణ్ణుంచే పోవాల్సి వచ్చేది. 1994లో కరాచీలో మన కాన్సులేట్ మూతబడ్డాక, కరాచీ నుంచి ఇక్కడికి వీసా కావాలంటే ఇస్లామాబాద్ దిక్కు చూడాల్సి వచ్చింది.

ఇదే దేశం ఇంకో సర్హద్దు దగ్గర ఎట్లా వుంటుందో చూడండి. సోనౌలీ దగ్గర నేపాల్లోకి పోవడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు. 1950 ఒడంబడిక పుణ్యం. మాకు నేపాల్ మీద కోపం లేదు. అట్టారీ దగ్గర కూడా అట్లా వుండొచ్చునన్న ఊహ మాత్రం వదలదు.

ఈ బరువు ఎక్కువగా మోసింది ఆడవాళ్లే. బంధువుల్లోనే సంబంధాలు చేసుకునే అలవాటు మాది. ఫూఫీ కొడుకు కరాచీలో వుంటే పిల్ల కరాచీ పోయింది. నాలుగేళ్లకో పదేళ్లకో అక్కడి పాస్‌పోర్టు తీసుకుంది. ఆ తర్వాత మైకా అంటే విదేశం. అబ్బా జనాజాకి వీసా సమయానికి రాదు, చాలీసువాకి వస్తే అదృష్టం.

కొంత సడలిన రోజులూ వున్నాయి. 2006 ఫిబ్రవరిలో మునాబావ్ దారిన థార్ ఎక్స్‌ప్రెస్ నడిచింది. 2012 సెప్టెంబరు ఒప్పందంలో 65 ఏళ్లు దాటినవాళ్లకి అట్టారీ దగ్గరే వీసా ఇస్తామన్నారు. 2013 జనవరిలో మొదలవ్వాల్సింది ఆగిపోయింది. మధ్యలో, 2007 ఫిబ్రవరిలో పానిపట్ దగ్గర సమ్‌ఝౌతాలో బాంబులు పేలి 68 మంది చనిపోయారు. 2019 ఆగస్టులో రెండు రైళ్లూ ఆగాయి. ఆ డిసెంబరులోనే పాకిస్తాన్ నుంచి వచ్చిన హిందువుకీ సిక్కుకీ పౌరసత్వం దారి సులువు చేస్తూ, ముస్లిం పేరు వదిలేసిన చట్టం వచ్చింది.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో టూరిస్టులని చంపేశారు. మరునాడే అట్టారీ చెక్‌పోస్టు మూసేస్తున్నట్టు ప్రకటించారు. లాంగ్ టర్మ్ వీసా వున్నవాళ్లని మినహాయించి, మామూలు వీసాలన్నీ రద్దయ్యాయి, 27వ తేదీ లోపు పొమ్మన్నారు. మందులకని వచ్చినవాళ్లకి ఇంకో రెండు రోజులు. గేటు దగ్గర చేరిన కుటుంబాల్లో కొన్నింటిలో తల్లి చేతిలో ఇండియా పాస్‌పోర్టు, పిల్లల చేతిలో పాకిస్తాన్ పాస్‌పోర్టు. పిల్లలు దాటొచ్చన్నారు, తల్లిని ఆపారు.